‘ది నైట్ ఆఫ్ ది హంటర్’ను కల లాంటి సినిమా అని ఎందుకంటారు?

‘ది నైట్ ఆఫ్ ది హంటర్’ చూశానని, హంతకుడెవరో మొదట్లోనే తెలిసిపోవడంతో సస్పెన్స్ లేకుండా పోయిందని, ఏరూ ఇళ్లూ పొలాలూ సెట్లని కనిపిస్తూనే ఉన్నాయని, విలన్ ఒక సీన్లో వణికించి ఇంకో సీన్లో జోకర్‌లా కేకలు పెడుతున్నాడని రాశారు. ఇలాంటి క్రైమ్ సినిమాని పట్టుకుని కల అనీ కవిత్వం అనీ ఎందుకంటారు, దీని దర్శకుడు చార్లెస్ లాటన్ ప్రత్యేకత ఏమిటి అన్నది మీ ప్రశ్న.

ఈ సినిమా నాకు ప్రాణం. చాలాసార్లు చూశాను, ఇంటికొచ్చిన స్నేహితులని కూర్చోబెట్టి మరీ చూపించాను, దీని గురించి దొరికిందల్లా చదివాను. మీరు చెప్పిన మూడూ సినిమాలో ఉన్నాయి. ఆ మూడింటికీ మూలం ఒకటేనని నా నమ్మకం. ఇందులో నేరాన్ని చూసే కళ్లు ఒక చిన్నపిల్లవాడివి. అతని భయం ఎంత పెద్దదో తెర మీద ప్రపంచం కూడా అంతే పెద్దగా, అంతే వింతగా కనిపిస్తుంది. ఇది ఒప్పుకుని చూస్తే ఒక్క షాట్ కూడా తేడాగా అనిపించదు.

చూడనివాళ్లు కూడా ఇది చదువుతారు కాబట్టి కథ రెండు ముక్కల్లో చెబుతాను. 1930లు, అమెరికాలో ఆర్థిక మాంద్యం రోజులు. వెస్ట్ వర్జీనియాలో ఒహాయో నది ఒడ్డున చిన్న ఊరు. బెన్ హార్పర్ అనే తండ్రి బ్యాంకు దోచి, ఆ గొడవలో ఇద్దర్ని చంపి, పదివేల డాలర్లతో ఇంటికొచ్చి వాటిని కూతురి బట్టబొమ్మలో దాచేస్తాడు. పోలీసులు చేతులు విరిచి పట్టుకునేలోపు కొడుకు జాన్ చేత ఒట్టు వేయించుకుంటాడు. చెల్లి పెర్ల్‌ని కాపాడాలి, డబ్బు సంగతి అమ్మతో కూడా చెప్పకూడదు. జైల్లో అదే గదిలో హారీ పవెల్ ఉంటాడు. వితంతువుల్ని పెళ్లాడి, చంపి, డబ్బు పట్టుకుపోయే దొంగ పాస్టర్. బెన్‌ని ఉరితీశాక పవెల్ ఆ ఊరికి వస్తాడు, పిల్లల తల్లి విల్లాని పెళ్లి చేసుకుంటాడు, చంపేస్తాడు. పిల్లలు పడవెక్కి రాత్రివేళ ఏటివాలున పారిపోతారు. చివరికి రేచల్ కూపర్ అనే పెద్దావిడ వాళ్లని చేరదీస్తుంది.

ఇది పూర్తిగా ఊహ కాదు. హారీ పవర్స్ అనే హంతకుడు పెళ్లి ప్రకటనల ద్వారా ఒంటరి స్త్రీలకు వల వేసి, ఇద్దరు స్త్రీలని, ముగ్గురు పిల్లల్ని చంపాడు. 1932లో అతన్ని వెస్ట్ వర్జీనియాలోని మౌండ్స్‌విల్ జైల్లో ఉరితీశారు. ఆ ప్రాంతం వాడైన డేవిస్ గ్రబ్ ఆ కేసు ఆధారంగా 1953లో నవల రాశాడు. రెండేళ్లకి లాటన్ దాన్ని సినిమా తీశాడు.

ఇక సస్పెన్స్ సంగతి. హంతకుడెవరో మన దగ్గర దాచలేదన్నారు. జాన్‌కి తెలుసు కాబట్టి మనకీ తెలియాలి, అంతే. పవెల్ ఊళ్లో అడుగుపెట్టగానే ఆ అబ్బాయికి అనుమానం వస్తుంది. ఐస్‌క్రీమ్ షాపు నడిపే ఐసీ స్పూన్ దగ్గర్నుంచి కన్నతల్లి దాకా పెద్దవాళ్లంతా ఆ పాస్టర్ మాటలకి కరిగిపోతుంటారు. చెప్పుకోవడానికి మనిషి లేడు, చెప్పకూడదని ఒట్టు ఉంది. ఈ సినిమాలో టెన్షన్ అంతా అక్కడుంది. చిన్నప్పుడు పెద్దవాళ్లు నమ్మని ఒక నిజాన్ని మోసిన వాళ్లెవరికైనా ఇది కడుపులో తగులుతుంది. నాకు తగిలింది.

పవెల్ మొదటిసారి ఆ ఇంటి దగ్గరకొచ్చే సీన్ గుర్తు చేసుకోండి. రాత్రి, పిల్లల పడకగది. జాన్ చెల్లికి కథ చెబుతుంటాడు. కథలో చెడ్డవాళ్లు వచ్చే సమయానికి గోడ మీద వీధి దీపపు వెలుగులో టోపీ పెట్టుకున్న మనిషి నీడ, గదికి సరిపోనంత పెద్దగా పడుతుంది. కిటికీలోంచి చూస్తే గేటు అవతల మనిషి మామూలుగా నిలబడి ఉంటాడు. గుంటూరు జిల్లాలో మా చిన్ననాటి ఇల్లు రోడ్డు మీదకే ఉండేది. రాత్రిళ్లు లారీ వెళ్లినప్పుడల్లా హెడ్‌లైట్ వెలుగుకి కిటికీ ఊచల నీడలు గోడ మీద పొడుగ్గా సాగి, గది చుట్టూ తిరిగి మాయమయ్యేవి. అవి ఊచలని తెలుసు. అయినా దుప్పటి ముసుగేసుకునేవాణ్ణి. ఆ సీన్ మొదటిసారి చూసినప్పుడు నా ఒంటికి ముందుగా తెలిసింది, తర్వాతే బుర్రకి.

ఆ తర్వాత గుర్రం షాట్. పిల్లలు ఒక రాత్రి పశువుల కొట్టంలో గడ్డి మీద పడుకుంటారు. దూరం నుంచి పవెల్ పాట వినిపిస్తుంది. జాన్ లేచి చూస్తే, ఆకాశం అంచున నల్లటి బొమ్మలా గుర్రం మీద మనిషి నెమ్మదిగా పోతుంటాడు. వీడు నిద్రే పోడా అని జాన్ అనుకుంటాడు. ఆ షాట్ స్టూడియోలో తీశారు. దూరం ఎక్కువగా కనిపించాలని, పవెల్‌గా నటించిన రాబర్ట్ మిచమ్ బదులు ఒక మరుగుజ్జు మనిషిని పొట్టి గుర్రం మీద ఎక్కించారట. కెమెరామన్ స్టాన్లీ కోర్టెజ్ తర్వాతి రోజుల్లో చెప్పిన సంగతి ఇది. నిజమైన పొలంలో నిజమైన గుర్రం మీద మిచమ్‌ని కూర్చోబెట్టి ఉంటే ఒక హంతకుడు వెంటపడుతున్నాడని తెలిసేది, అంతవరకే. ఇలా తీయడం వల్ల ఎంత పరిగెత్తినా తరగని దూరంలో, ఎప్పుడూ కనిపిస్తూనే ఉండే మనిషి అయ్యాడు. కలలో వెంటపడేవాళ్లు అలాగే వెంటపడతారు.

సెట్లు సెట్లలాగే కనిపిస్తున్నాయన్న మీ మాటకి నాకు వెంటనే ‘మాయాబజార్’ గుర్తొచ్చింది. అది దీనికి రెండేళ్ల తర్వాత, 1957లో వచ్చింది. ‘లాహిరి లాహిరి లాహిరిలో’ పాటలో కెమెరామన్ మార్కస్ బార్ట్లీ పుట్టించిన వెన్నెల అసలు వెన్నెల కాదని ఎవరికి తెలియదు? అయినా మనం ఎవరం ఆ వెన్నెలని తప్పుబట్టలేదు, ఆ పడవలో మనమూ ఎక్కి కూర్చున్నాం. లాటన్ ఏటి దగ్గర కూడా ఆ ఉదారత చూపించమని నా మనవి.

ఆ పడవ సీన్లే ఈ సినిమాకి గుండెకాయ. పవెల్ బురదలో దిగబడి, పడవ చేతికి అందక, జంతువులా ఒక అరుపు అరుస్తాడు. మరుక్షణం అంతా మారిపోతుంది. నక్షత్రాలు, నీళ్ల మీద మెరుపు, పెర్ల్ తన బొమ్మని ఒళ్లో పెట్టుకుని ఒక ఈగ గురించిన పాట పాడుతుంది. కెమెరా ఒడ్డు మీద నుంచి చూస్తుంది, ముందు వరసలో పెద్దగా ఒక సాలెగూడు, ఒక కప్ప, తాబేలు, కుందేళ్లు, వాటి వెనక చిన్నగా పడవ. ఇంతసేపూ కెమెరా భయపడుతూ ఉంది, ఇప్పుడు కాపలా కాస్తోంది అనిపిస్తుంది నాకు. ఒకచోట పిల్లలు ఒడ్డుకి దిగితే, ఎవరిదో ఇంటి కిటికీలో పంజరంలో పిట్ట నీడ కనిపిస్తుంది, లోపల తల్లి జోలపాట పాడుతుంటుంది. ఆ తల్లి ముఖం మనకి చూపించరు. తల్లి లేని పిల్లలకి ఆ మాత్రమే దొరుకుతుంది. ఇంత దుఃఖాన్ని ఒక్క డైలాగ్ లేకుండా చెప్పిన సినిమాలు నేను చాలా తక్కువ చూశాను.

విల్లా హత్య జరిగే పడకగది గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. నా స్నేహితుడొకడు ఫొటోగ్రాఫర్, లైటింగ్ అతని పని. ఆ సీన్ రాగానే పాజ్ చేయమన్నాడు. ఈ గదిలో ఉన్న దీపానికీ గోడ మీద పడుతున్న వెలుగుకీ లెక్క కుదరడం లేదు, కావాలనే కుదరనివ్వలేదు అన్నాడు. నిజమే. ఆ పైకప్పు రెండు పక్కల నుంచి ఏటవాలుగా వచ్చి పైన కలుస్తుంది, చర్చిలా. కొంత వెలుతురు, మిగతాది పూర్తి చీకటి. విల్లా మంచం మీద చేతులు ముడుచుకుని సమాధి మీద శిల్పంలా పడుకుంటుంది. పవెల్ కిటికీ దగ్గర నిలబడి, చెయ్యి పైకెత్తి, ఏదో పిలుపు వింటున్నట్టు ఉంటాడు. ఆమెకి ఏం జరగబోతోందో తెలుసు. తన పాపానికి ఇదే శిక్ష అని నమ్మేసింది. భార్యని చంపే మనిషి ఆ పనిని పూజలా చేస్తున్నాడు, చచ్చిపోయే మనిషి దాన్ని ప్రార్థనలా ఒప్పుకుంటోంది. ఆ ఇంటిని మామూలు ఇల్లులా చూపిస్తే ఈ ఘోరం మనకి అందదు.

ఆ సీన్ తీస్తున్నప్పుడు కోర్టెజ్ మనసులో ఫిన్లాండ్ స్వరకర్త సిబీలియస్ ‘వాల్స్ ట్రిస్ట్’ అనే సంగీతం తిరుగుతోందట. ఏం ఆలోచిస్తున్నావని లాటన్ అడిగితే అదే చెప్పాడట. లాటన్ వెంటనే సంగీత దర్శకుడు వాల్టర్ షూమన్‌ని సెట్‌కి పిలిపించాడు. అందుకే కత్తి లేచే ముందు మనకి వినిపించేది హత్య సంగీతం కాదు, ఒక వాల్ట్జ్, అంటే జంటలు నాట్యం చేసే బాణీ. వెలుతురు చూసి సంగీతం, సంగీతం విని నటన. లాటన్ పనితనం మొత్తం ఈ ఒక్క సంఘటనలో కనిపిస్తుంది.

తర్వాత నీళ్ల అడుగున ఆ షాట్. ఏటి అడుగున కారులో విల్లా శవం, నాచుతో పాటే ఊగుతున్న పొడుగాటి జుట్టు, మెడ మీద కోత. పైన పడవలో, ఏటి ఒడ్డున ఉండే ముసలి బర్డీ వేసిన గాలం కారుకి తగులుతుంది. అక్కడున్నది విల్లాగా నటించిన షెల్లీ వింటర్స్ కాదు, ఆమె ముఖాన్ని మైనంతో అచ్చు తీసి చేసిన బొమ్మ, పెద్ద నీళ్ల ట్యాంకులో. ఎన్నో క్రైమ్ సినిమాల్లో శవాలు చూశాం, ఇంత అందంగా ఉండటం వల్లే ఇంత బాధపెట్టే శవాన్ని నేను ఇంకెక్కడా చూడలేదు. అందం నేరాన్ని కప్పిపుచ్చుతోందని కొందరంటారు. నాకలా అనిపించదు. బతికుండగా ఆ మనిషిని ఎవరూ అంత శ్రద్ధగా చూడలేదు.

విలన్ కామెడీ మీకు నచ్చలేదు. నేను చూపించిన స్నేహితులూ అక్కడ నవ్వారు. నేలమాళిగ మెట్ల మీద చేతులు రెండూ చాచి పిల్లల్ని పట్టుకోబోతాడు, తలుపు సందులో వేళ్లు నలిగి కేక పెడతాడు, రేచల్ తుపాకీ పేలిస్తే కుక్కపిల్లలా కుయ్యిమంటూ పరిగెడతాడు. పిల్లల కథల్లో రాక్షసుడు ఎలా ఉంటాడో ఆలోచించండి. మనిషిని మింగేస్తాడు, మళ్లీ తెలివితక్కువగా నూతిలో పడతాడు. రాబర్ట్ మిచమ్ ఆ రెండింటినీ ఒకే ఒంట్లో పెట్టాడు. కుడిచేతి వేళ్ల మీద ప్రేమ, ఎడమచేతి వేళ్ల మీద ద్వేషం అని పచ్చబొట్లు పొడిపించుకుని, రెండు చేతుల్నీ కుస్తీ పట్టించి ప్రసంగం చేస్తుంటే ఊరివాళ్లు నోళ్లు తెరుచుకుని వింటారు. అది చౌకబారు నాటకమని పిల్లవాడికొక్కడికే కనిపిస్తుంది.

అతనికి ఎదురుగా నిలబడే రేచల్ కూపర్‌గా లిలియన్ గిష్‌ని ఎంచుకోవడంలో లాటన్ శైలి రహస్యం ఉంది. ఆమె దర్శకుడు డి.డబ్ల్యు. గ్రిఫిత్ మూకీ సినిమాల నాటి హీరోయిన్. ఈ సినిమాకి ముందు లాటన్ న్యూయార్క్ మోడర్న్ ఆర్ట్ మ్యూజియంలో గ్రిఫిత్ పాత సినిమాలు వేయించుకుని చూశాడు. మూకీల రోజుల్లో జనం నిటారుగా కూర్చుని తెరవైపు వంగి చూసేవాళ్లు, వాళ్లని మళ్లీ అలా కూర్చోబెట్టాలి అని తనతో అన్నాడని గిష్ తర్వాత చెప్పింది. నేలమాళిగ కిటికీలోంచి పిల్లలు తొంగిచూసే షాట్‌లో తెర చుట్టూ నల్లబడి చిన్న వలయం మాత్రం మిగలడం గమనించే ఉంటారు. అది మూకీల నుంచి తీసుకున్నదే. నీడలు, వంకర కప్పులు జర్మన్ మూకీల నుంచి వచ్చాయి. 1955 నాటికి ఇవన్నీ పాతబడిపోయిన పద్ధతులు. లాటన్ వాటిని పాత జ్ఞాపకంగా వాడలేదు, పిల్లవాడి కంటికి ఇవే సరైన అద్దాలని వాడాడు.

రేచల్ ఇంటి దగ్గర రాత్రి కాపలా సీన్‌ని మళ్లీ ఒకసారి చూడండి. ఆవిడ తుపాకీ ఒళ్లో పెట్టుకుని, జాలీ వెనక కుర్చీలో చీకట్లో కూర్చుని ఉంటుంది. బయట కంచె దగ్గర పవెల్ ‘లీనింగ్, లీనింగ్’ అని తన కీర్తన పాడుతుంటాడు. ఆవిడ కూడా గొంతు కలుపుతుంది. అతని పాటలో లేని యేసు పేరు ఆవిడ పాటలో ఉంది. వేటాడేవాడు, కాపలా కాసేది, ఇద్దరూ ఒకే పాట, చక్కగా శృతి కలిపి పాడుతుంటారు. ఇంతలో ఒక అమ్మాయి కొవ్వొత్తి పట్టుకుని గదిలోకి వస్తుంది. లోపల వెలుగు పడేసరికి జాలీ తెల్లబడి బయట ఏమీ కనిపించదు. రేచల్ కొవ్వొత్తి ఆర్పేసరికి అతను అక్కడ లేడు. రాత్రిపూట దోమల జాలీ ఉన్న ఏ ఇంట్లోనైనా జరిగేదే ఇది. ఇంట్లో దొరికే సంగతిని అంత పెద్ద భయంగా మార్చడం చూసి, ఆ సీన్ నాలుగైదుసార్లు వెనక్కి తిప్పి చూశాను.

లాటన్ అంతకుముందు పేరున్న నటుడు. 1933 నాటి ‘ది ప్రైవేట్ లైఫ్ ఆఫ్ హెన్రీ ది ఎయిత్’కి ఆస్కార్ తీసుకున్నాడు. పిల్లలతో పనిచేయడం అతనికి గిట్టేది కాదని, వాళ్ల సీన్లు మిచమే చూసుకున్నాడని చాలాకాలం ఒక ప్రచారం ఉండేది. అతని భార్య ఎల్సా లాంచెస్టర్ దాచిన షూటింగ్ ముక్కలతో 2002లో రాబర్ట్ గిట్ రెండున్నర గంటలకు పైగా ఉన్న ఒక డాక్యుమెంటరీ కూర్చాడు. అందులో లాటన్ కెమెరా ఆపకుండా, పక్కనుంచి గొంతు వినిపిస్తూ, ఒకే మాటని పిల్లల చేత రకరకాలుగా ఓపిగ్గా పలికిస్తుంటాడు. పెద్ద నటులకి కూడా తనే డైలాగ్ పలికి వినిపిస్తాడు. ఆ ప్రచారాన్ని నమ్మడం అది చూశాక కష్టం.

సినిమా ఆడలేదు. జనానికి ఎక్కలేదు, లాటన్‌కి దెబ్బ గట్టిగానే తగిలింది. తర్వాత చేయాలనుకున్న ‘ది నేకెడ్ అండ్ ది డెడ్’ చేజారి వేరే దర్శకుడికి పోయింది. 1962లో చనిపోయేదాకా ఇంకో సినిమా తీయలేదు. 1992లో దీన్ని అమెరికా జాతీయ చలనచిత్ర పట్టికలో చేర్చారు. 2008లో ఫ్రెంచ్ పత్రిక ‘కయే దు సినిమా’ వేసిన గొప్ప సినిమాల జాబితాలో రెండో స్థానం ఇచ్చారు. అతను బతికుండగా ఇందులో పదోవంతు మెచ్చుకోలు దొరికినా మనకి ఇంకో రెండు సినిమాలు ఉండేవేమో అని నాకు నిజంగా బాధ కలుగుతుంది.

మీరు ప్రస్తావించని ఒక సీన్ ఉంది, నా దృష్టిలో అన్నింటికన్నా గొప్పది. పవెల్‌ని పోలీసులు పట్టుకుని నేల మీద పడేసి చేతులు విరిచి కడతారు. మొదట్లో నాన్నని పడేసినట్టే, సరిగ్గా అలాగే. ఇన్నాళ్లూ డబ్బు ఎక్కడుందో చెప్పని జాన్ అప్పుడు బద్దలైపోతాడు. పరిగెత్తుకెళ్లి బొమ్మతో పవెల్‌ని కొడుతూ, నాకొద్దు నాన్నా తీసుకో, నా వల్ల కాదు అని ఏడుస్తాడు, నోట్లు చుట్టూ చిందుతాయి. చంపడానికి వచ్చినవాడూ కన్నతండ్రీ ఆ క్షణంలో వాడి కళ్లకి ఒకరైపోతారు. మామూలు క్రైమ్ సినిమా అయితే విలన్ దొరికాడని చప్పట్లు కొట్టించే చోటు. ఇద్దరు వేర్వేరు మనుషులు ఒక్కరిగా మారిపోవడం మెలకువలో జరగదు. ఇంతకుముందు చూసిన వింత నీడలు, సెట్లు, పాటలు అన్నీ ఈ తర్కానికి మనల్ని అలవాటు చేయడానికే అనిపిస్తుంది.

రెండోసారి చూడబోతే రాత్రిపూట లైట్లు ఆపి, ఫోన్ పక్కన పెట్టి, గంటన్నరే కాబట్టి మధ్యలో ఆపకుండా చూడండి. పడవ సీన్ దగ్గర సబ్‌టైటిల్స్ తీసేయండి, అక్కడ వాటి అవసరం లేదు. లాటన్ తీసింది ఈ ఒక్కటే, అందుకని ఇంకా కావాలనిపిస్తే అతను ఎక్కడినుంచి తెచ్చుకున్నాడో అక్కడికి వెళ్లాలి. జర్మన్ దర్శకుడు మూర్నో 1927లో తీసిన ‘సన్‌రైజ్’ ముందు చూడండి, భార్యని చంపాలని పడవెక్కించుకున్న భర్త కథ అది, అందులోనూ వెన్నెల స్టూడియో వెన్నెలే. తర్వాత గ్రిఫిత్ 1919 నాటి ‘బ్రోకెన్ బ్లాసమ్స్’లో వయసులో ఉన్న లిలియన్ గిష్‌ని చూడండి. తండ్రి గొడ్డలితో తలుపు పగలగొడుతుంటే చిన్న గదిలో ఇరుక్కుని గిరగిరా తిరిగిపోయే అమ్మాయి ఆమే. అది చూశాక, తుపాకీ పట్టుకుని పిల్లలకి కాపలా కూర్చోవడానికి లాటన్ ఆవిడనే ఎందుకు పిలిపించాడో ఎవరూ మీకు చెప్పక్కర్లేదు.